రియాక్ట్‌కి ముందు హెచ్‌టీఎంఎల్ విడిగా నేర్చుకోవాలా? మా ఇంట్లో తేలడం లేదు

వైజాగ్ పెద్దక్క

మా తమ్ముడు బీకామ్ పూర్తిచేసి ఏడాదిగా బ్యాంకు పరీక్షలు రాశాడు. రాలేదు. ఇప్పుడు వెబ్‌సైట్లు కట్టే పని నేర్చుకుంటానంటున్నాడు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డెమో క్లాసు విని వచ్చాడు. నాలుగు నెలల ఫుల్‌స్టాక్ కోర్సట. సిలబస్ కాగితం ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టాడు. పేజీలో ఏది ఏమిటో ట్యాగులనే గుర్తులతో రాసే హెచ్‌టీఎంఎల్‌కి రెండు రోజులు, రంగులు, సైజులు చూసుకునే సీఎస్‌ఎస్‌కి మూడు రోజులు, ఆరో రోజు పేజీ చేత పనులు చేయించే జావాస్క్రిప్ట్ మొదలు. ఆ తర్వాతంతా జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే రియాక్ట్ అనే లైబ్రరీయే.

మా ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేస్తారు. రెండు రోజులు ఎక్కువే, నాలుగు ట్యాగులు బట్టీ పడితే అయిపోతుంది అంటారు. మా బాబాయి ఒకప్పుడు వెబ్ డిజైనర్. నెల రోజులు నోట్‌ప్యాడ్‌లో ఉత్త హెచ్‌టీఎంఎల్ రాయకుండా ఫీజు కట్టొద్దంటాడు. రోజూ భోజనాల దగ్గర ఇదే గొడవ, వాడేమో మధ్యలో బిక్కమొహం వేసుకుని కూర్చుంటున్నాడు. ఫీజుకి సోమవారం వరకే టైముంది. రోజూ ఈ పని చేసేవాళ్లు చెప్పండి.

కొత్తపేట కోడర్

అక్కా, మీ ఆయన చెప్పిందే కరెక్ట్. నేను నాలుగేళ్లుగా ఫ్రంటెండ్‌లో, అంటే వాడేవాళ్లకి కనపడే పేజీల పనిలో ఉన్నా. ఇంటర్వ్యూలో హెచ్‌టీఎంఎల్ గురించి నన్నడిగింది ఒకే ఒక్క ప్రశ్న, అది కూడా నేను ఫ్రెషర్‌గా వెళ్లినప్పుడు. మిగతా అంతా రియాక్ట్, ఏపీఐ కాల్స్ (సర్వర్ నుంచి డేటా తెప్పించడం), స్టేట్ (పేజీ గుర్తుపెట్టుకునే విలువలు). రియాక్ట్‌లో రాసే జేఎస్‌ఎక్స్ చూడ్డానికి హెచ్‌టీఎంఎల్ లాగే ఉంటుంది. క్లాస్ బదులు క్లాస్‌నేమ్, లేబుల్‌లో ఫర్ బదులు హెచ్‌టీఎంఎల్‌ఫర్ అని రాయాలి, ఇలాంటి చిన్న చిన్న తేడాలే. పని చేస్తూ చేస్తూ వచ్చేస్తుంది. ఏడాది ఖాళీగా ఉన్న కుర్రాడిని ఇంకో నెల నోట్‌ప్యాడ్ ముందు కూర్చోబెడితే విసుగెత్తి ఇదీ మానేస్తాడు.

నోట్‌ప్యాడ్ వీరుడు

"పని చేస్తూ వచ్చేస్తుంది" అన్నమాట నేనూ నమ్మినవాడినే. పోయిన నెల మా టీమ్‌లో జరిగింది చెప్తా వినండి.

కొత్తగా చేరిన కుర్రాడు. చురుకైనవాడు, రియాక్ట్ బాగా వచ్చు. లాగిన్ ఫారం చేయమన్నాం. పాస్‌వర్డ్ పక్కన "చూపించు" అని చిన్న బటన్ పెట్టాడు. దాన్ని నొక్కితే పాస్‌వర్డ్ కనపడాలి. నొక్కగానే పేజీ మొత్తం రీలోడ్ అయిపోతోంది, టైప్ చేసిందంతా పోతోంది. వాడు స్టేట్ తప్పనుకున్నాడు. హుక్ మార్చాడు, కాంపొనెంట్‌ని రెండు ముక్కలు చేశాడు, రియాక్ట్ వెర్షన్ మార్చి చూశాడు. ఏఐని అడిగితే అదీ యూజ్‌ఎఫెక్ట్ అనే ఇంకో రియాక్ట్ హుక్ పెట్టమంది. పొద్దున పదింటికి మొదలుపెడితే లంచ్ దాటిపోయింది.

తప్పు రియాక్ట్‌లో లేదు. ఫారం లోపల బటన్ ట్యాగ్ పెట్టి దాని టైప్ ఏమిటో చెప్పకపోతే, బ్రౌజర్ దాన్ని ఫారం పంపించే సబ్మిట్ బటన్ అనే అనుకుంటుంది, నొక్కగానే పేజీ రీలోడ్ చేసేస్తుంది. టైప్ దగ్గర బటన్ అని ఒక్క మాట రాస్తే తీరిపోయింది. ఇది హెచ్‌టీఎంఎల్ మొదటి వారంలో తెలియాల్సిన సంగతి.

ఇంకోటి. పేరాకి వాడే పీ ట్యాగ్ లోపల, ఉత్త పెట్టెలా వాడే డివ్ ట్యాగ్ పెట్టకూడదు. పెడితే బ్రౌజర్ ఎర్రర్ ఇవ్వదు, డివ్ కనపడగానే పేరాని తనే అక్కడ మూసేస్తుంది. మీరు రాసింది ఒకటి, పేజీలో ఉండేది ఇంకొకటి. రియాక్ట్ కన్సోల్‌లో హెచ్చరిక వేస్తుంది, నిజమే. కానీ అది ఏమంటోందో అర్థం కావాలంటే ఏ ట్యాగ్‌లో ఏది ఇముడుతుందో ముందు తెలియాలిగా?

మామిడితాండ్ర

ఇదంతా ఎందుకు, ఏఐకి చెప్తే రాసిచ్చేస్తుంది. ఈ చర్చ 2015లో జరగాల్సింది.

నోట్‌ప్యాడ్ వీరుడు

తాండ్ర గారూ, పైన యూజ్‌ఎఫెక్ట్ పెట్టమన్నది ఎవరో మళ్లీ ఒకసారి చదవండి.

చెవితో చదివేవాణ్ణి

నేను కోడర్‌ని కాను, కోడర్లు కట్టినవి వాడుకునేవాణ్ణి. నాకు చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్‌రీడర్ నాకు పేజీలు చదివి వినిపిస్తుంది. దాంట్లో కీబోర్డు మీద హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కి వెళ్తాను, బీ నొక్కితే తర్వాతి బటన్‌కి, ఎఫ్ నొక్కితే తర్వాతి ఫారం ఫీల్డ్‌కి. మీరు పేపరు మీద కళ్లు పరిగెత్తించినట్టు నేను ఈ మీటలతో పేజీ మీద పరిగెత్తుతా. కాకపోతే హెడింగ్‌ని హెడింగ్ ట్యాగ్‌తో రాసి ఉండాలి. డివ్ పెట్టి అక్షరాలు పెద్దవి చేస్తే మీకు హెడింగే, నాకు మాత్రం మామూలు వాక్యం.

ఒక పరీక్షకి దరఖాస్తు పెట్టబోయా, ఏ పరీక్షో వదిలేయండి. ట్యాబ్ కొడుతూ వెళ్తుంటే "ఎడిట్ బ్లాంక్, ఎడిట్ బ్లాంక్, ఎడిట్ బ్లాంక్" అని వరసగా పద్నాలుగు సార్లు వినపడింది. ఏది పేరు, ఏది తండ్రి పేరు, ఏది పిన్‌కోడ్ అన్నది తెలియదు. స్క్రీన్ మీద ప్రతి గడి పక్కనా పేరు రాసే ఉందట. రాసినవాళ్లు దాన్ని లేబుల్ ట్యాగ్‌తో గడికి కట్టలేదు, అంతే. చివరికి పక్కింటబ్బాయిని పిలిచి నా ఆధార్ నంబరు, కులం, ఆదాయం అన్నీ వాడి ముందు పైకి చదవాల్సి వచ్చింది.

అమెరికాలో వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల హోమ్‌పేజీలను ఆటోమేటిక్ టూల్‌తో పరిశీలిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో ఇలాంటి తప్పులు దొరికాయి. ఎక్కువగా కనపడేవి ఆరు రకాలు. రాత రంగు వెనక రంగులో కలిసిపోవడం వాటిలో ఒకటి, అది సీఎస్‌ఎస్ సంగతి. మిగతా ఐదూ హెచ్‌టీఎంఎల్‌వే: ఆల్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాట) లేని బొమ్మలు, లేబుల్ లేని ఫీల్డులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, పేజీ ఏ భాషలో ఉందో చెప్పకపోవడం. రెండు రోజుల సిలబస్‌లో వీటికి ఎన్ని నిమిషాలు పడతాయో ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లని అడిగి చూడండమ్మా.

కొత్తపేట కోడర్

అన్నా, మీరు చెప్పింది చదివాక నిజంగా సిగ్గేసింది. మా ప్రాజెక్టులోనూ డివ్‌కి ఆన్‌క్లిక్ (నొక్కితే జరగాల్సిన పని) తగిలించి బటన్ అనుకునే చోట్లున్నాయి. ట్యాబ్ కొడితే దాని మీదికి వెళ్లదు, ఎంటర్ నొక్కితే పలకదు. ఈ వారం కొన్నయినా మారుస్తా.

కానీ అక్క అడిగింది వేరు. ఉద్యోగం రావాలి. కంపెనీల్లో ఎక్కువగా రెడీమేడ్ కాంపొనెంట్ లైబ్రరీలు వాడతారు. బటన్, లేబుల్, మెనూ అన్నీ సరిగ్గా చేసిపెట్టినవే ఉంటాయి, తెచ్చి పెట్టుకోవడమే. స్ప్రింట్ అనే పని విడత చివర మేనేజర్ "అయిందా" అని అడుగుతాడు గానీ "ఆల్ట్ రాశావా" అని అడగడు. ఇది మంచిదని అనట్లేదు, ఉన్నదే చెప్తున్నా. రెంటు కట్టాల్సిన కుర్రాడికి ముందు ఉద్యోగం, తర్వాత శుద్ధి.

ఫాంట్ల కాలం మనిషి

నేను 2000 ప్రాంతంలో తెలుగు సైట్లు చేసినవాణ్ణి. పెద్దక్క గారి బాబాయిదీ నా తరమే అనుకుంటా. ఆయన మాటలో సగానికి ఒప్పుకుంటా, సగానికి ఒప్పుకోను.

ఒప్పుకోనిది ముందు. బాబాయి గారు ఆ నెల రోజులూ తను నేర్చుకున్నదే నేర్పిస్తే నష్టమే. నేను చూసిన ఇన్‌స్టిట్యూట్ నోట్సుల్లో ఇప్పటికీ ఫాంట్ ట్యాగ్, సెంటర్ ట్యాగ్, అక్షరాలను పరిగెత్తించే మార్కీ ట్యాగ్ ఉంటున్నాయి. ఈ మూడూ వాడొద్దని హెచ్‌టీఎంఎల్ ప్రమాణ పత్రంలోనే రాసి ఉంది. టేబుల్ పెట్టి పేజీ అంతా గళ్లుగా కోసే పద్ధతి కూడా మేం చేసిన పాపమే. ఇప్పుడు హెచ్‌టీఎంఎల్‌లో వందకు పైగా ట్యాగులున్నాయి. అన్నీ బట్టీ పట్టక్కర్లేదు, రోజూ చేతికి వచ్చేవి పాతిక ముప్పై. 1991లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ అనే పరిశోధన సంస్థలో రాసిన మొదటి పత్రంలో ఉన్నవి 18 ట్యాగులే. హెడింగ్, పేరా, జాబితా, లింకు అప్పటివే, ఇప్పటికీ నడుస్తున్నాయి. రంగులు, సోకులు తర్వాత వచ్చి చేరాయి, చాలావరకు సీఎస్‌ఎస్‌కి వెళ్లిపోయాయి.

ఇక ఒప్పుకునేది. అన్ని భాషల అక్షరాలకీ ఒకే లెక్క ఉన్న యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఎవరి తెలుగు ఫాంటు వాళ్లదే. పేజీలో నిజానికి ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంట్ ట్యాగ్‌తో వాటికి తెలుగు వేషం వేసేవాళ్లం. ఫాంటు దిగకపోతే చదివేవాడికి గజిబిజి. దిగినా సెర్చ్‌లో దొరకదు, కాపీ చేసి ఇంకోచోట పెడితే మళ్లీ గజిబిజే. ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడాన్ ఉండేది, పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పైకి తెలుగులా కనపడితే చాలనుకున్నాం, లోపల ఏముందో పట్టించుకోలేదు. డివ్‌ని బటన్ అనుకోవడం కూడా నాకు అచ్చం అలాగే కనిపిస్తోంది.

తెలుగు పేజీ రాసేవాడికి రెండు లైన్లు ముఖ్యం. ఒకటి పైన హెడ్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) అని చెప్పడం. అది లేక బ్రౌజర్ తప్పుగా ఊహిస్తే తెలుగు బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఎ అక్షరాలూ డిగ్రీ గుర్తులూ వరసగా వస్తాయి. రెండోది హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో పేజీ భాష చెప్పే లాంగ్ దగ్గర టీఈ, అంటే తెలుగు, అని రాయడం.

చెవితో చదివేవాణ్ణి

ఆ రెండోది నా తరఫున ఇంకోసారి చెప్పండి సార్. తెలుగు పేజీ మీద ఈఎన్ అని ఉంటే నా స్క్రీన్‌రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోతుంది. టీఈ అని ఉంటే తనే తెలుగు గొంతుకి మారుతుంది. ఆ గొంతు కాస్త రోబోలా ఉంటుంది లెండి, అయినా మన భాషే.

మామిడితాండ్ర

అసలు హెచ్‌టీఎంఎల్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజే కాదు కదా, దీనికింత...

నోట్‌ప్యాడ్ వీరుడు

కాదు. మార్కప్ లాంగ్వేజ్. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక అని గుర్తులు పెట్టడమే దాని పని. ప్రోగ్రామింగ్ కాదు కాబట్టి నేర్చుకోనక్కర్లేదంటే వ్యాకరణం కూడా కథ కాదు మరి. ఈ గొడవకి వేరే థ్రెడ్ పెట్టుకుందాం.

వైజాగ్ పెద్దక్క

అందరికీ థాంక్స్. ఆదివారం మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తా.

మా అత్తయ్య ఇంట్లోనే పచ్చళ్లు, సున్నుండలు చేసి అమ్ముతుంది. ఆ ధరల పేజీ ఒకటి రాయమని మావాడికి చెప్పాం. వీడియోలు, ఏఐ ఏమీ లేకుండా నోట్‌ప్యాడ్‌లో. పేజీ పేరుని నాలుగో స్థాయి హెడింగ్ హెచ్4లో పెట్టాడు. హెచ్4 ఎందుకురా అంటే, హెచ్1 మరీ పెద్దగా వస్తోంది, ఇదైతే సైజు సరిపోయిందన్నాడు. చెవితో చదివేవాణ్ణి గారు రాసింది వాడికి చూపించా. ఏం మాట్లాడకుండా హెచ్1కి మార్చాడు, సైజు సీఎస్‌ఎస్‌లో తగ్గించుకున్నాడు.

తర్వాత ధరలు. ఆవకాయ, గోంగూర, మాగాయ అని రాసి, ఎదురుగా అంకెలన్నీ ఒకే వరసలో వచ్చేలా స్పేస్‌బార్ నొక్కుకుంటూ పోయాడు. నోట్‌ప్యాడ్‌లో ముత్యాల్లా ఉంది. బ్రౌజర్‌లో తెరిస్తే అన్నీ కుప్పపడి ఒకే లైన్లో. ఎన్ని స్పేసులు కొట్టినా, ఎన్ని లైన్లు వదిలినా బ్రౌజర్‌కి ఒక్క ఖాళీయేనట. వాడికి టెన్షన్, బాబాయికి నవ్వు. అప్పుడు కూర్చోబెట్టి టేబుల్ చెప్పాడు. టేబుల్‌ని పేజీ కోయడానికి వాడకూడదు గానీ ధరల పట్టికకి అదే సరైనదని, పై వరసలోని శీర్షికల గళ్లకి టీహెచ్ ట్యాగ్ పెట్టమని. ఫాంట్ ట్యాగ్ గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. బహుశా ఈ థ్రెడ్ చదివే ఉంటాడు.

ఆఖర్న ఫోన్ నంబరుని లింకుగా చేశాడు, టెల్ అని రాసి. మా ఆయన తన ఫోన్‌లో దాన్ని నొక్కారు. వంటింట్లో అత్తయ్య ఫోన్ మోగింది. "ఎవరండీ, ఎన్ని కిలోలు?" అని అక్కణ్ణుంచే అరిచింది.

ఫీజు సోమవారం కట్టలేదు. ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేస్తే వచ్చే నెల బ్యాచ్‌లో చేరొచ్చన్నారు. ఈలోపు మూడు వారాలు ఇంట్లోనే రాస్తాడు. నెల అన్న బాబాయి మూడు వారాలకి దిగాడు. మా ఆయన మాత్రం ఇంకా వారం చాలనే అంటున్నారు.

కొత్తపేట కోడర్

మూడు వారాలకైతే నాకూ అభ్యంతరం లేదక్కా. నాలుగోది మాత్రం వద్దు. మాగాయ కిలో ఎంత?

చెవితో చదివేవాణ్ణి

పేజీ ఆన్‌లైన్‌లో పెట్టాక లింకు ఇవ్వండమ్మా, విని చెప్తా. పెట్టేముందు లాంగ్ ఒకసారి చూడమనండి.

వైజాగ్ పెద్దక్క

చూశాడండీ. ఈఎన్ అనే ఉంది! రాత్రి నోట్‌ప్యాడ్ నుంచి వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌లోకి మార్చుకున్నాడు. అందులో ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కితే పైన ఉండాల్సిన లైన్లన్నీ అదే వేసేస్తుంది, ఈఎన్ కూడా వాటితోపాటే వచ్చిందట. ఇప్పుడే టీఈ చేశాడు.