ట్రెజర్ ఐలాండ్: నేవీ వదిలేసిన దీవి మీద 8,000 ఇళ్లు కట్టడం సబబేనా?

బేవంతెన:
శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఓక్లండ్ వెళ్తుంటే బే బ్రిడ్జి మధ్యలో, సొరంగం దాటాక ఎడమపక్క చదునుగా కనిపించేది ట్రెజర్ ఐలాండ్. అక్కడి కొత్త ఫ్లాట్ల గురించి మనవాళ్లు తెగ అడుగుతున్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నా. నా మటుకు నాకు అక్కడ ఊరు కట్టడమే తప్పు.

అది దేవుడిచ్చిన దీవి కాదు. 1936-37లో యెర్బా బ్యూనా దీవి పక్కన ఉన్న ఇసుకమేట మీద, బే (అఖాతం) అడుగు నుంచి తోడిన ఇసుక పోసి దాదాపు 400 ఎకరాలు తయారుచేశారు. 1939లో అక్కడ అంతర్జాతీయ ప్రదర్శన పెట్టారు. ఆ తర్వాత నగరానికి విమానాశ్రయం చేద్దామనుకున్నారు. టెర్మినల్ కోసం కట్టిన నెలవంక ఆకారపు భవనం ఇంకా ఉంది. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి దీవి అమెరికా నేవీ చేతికి పోయింది. పసిఫిక్‌కు వెళ్లే లక్షల మంది సైనికులు అటుగానే వెళ్లారు. 1997లో స్థావరం మూసేశారు. 2011లో నగర సూపర్వైజర్లు (పాలకమండలి సభ్యులు) 8,000 ఇళ్ల ప్రణాళికకు ఓటేశారు.

కింద ఇసుక, చుట్టూ పెరిగే సముద్రం, మట్టిలో నేవీ వదిలిపోయిన రేడియం అనే రేడియోధార్మిక పదార్థం. బయటికి ఉన్న రోడ్డు బే బ్రిడ్జి ఒక్కటే. ఇన్ని తెలిసి ఎవరైనా ఊరు కడతారా?

మట్టిపరీక్ష:
నేను చేసేది పునాదుల పనే, కాబట్టి ఇసుక సంగతి వరకు చెప్తా. 1989 లోమా ప్రియేటా భూకంపం మా చదువుల్లో పాఠం. యెర్బా బ్యూనా రాయి మీద పెట్టిన, నేల ఊపును కొలిచే యంత్రం దాదాపు 0.06 జి (జి అంటే గురుత్వాకర్షణ త్వరణం) నమోదు చేస్తే, ఆ పక్కనే పోసిన మట్టి మీద ఉన్న ట్రెజర్ ఐలాండ్ యంత్రం 0.16 జి చూపించింది. భూకంపం ఒక్కటే, ఊపు రెండున్నర రెట్లు. ఇసుక నీళ్లతో కలిసి బురదలా పైకి చిమ్మింది, గట్ల దగ్గర నేల పగుళ్లిచ్చింది.

కానీ బేవంతెన గారూ, అది ఎవరూ ముట్టుకోని నేల. ఇప్పుడు కట్టేచోట ముందు ఇసుకను కంపనాలతో కుదించి గట్టిపరుస్తున్నారు. దాని కింద బే బురద పొర ఉంది. అందులోకి నిలువుగా పట్టీల్లాంటి డ్రెయిన్లు దింపి, పైన మట్టిగుట్టలు పోసి నెలల తరబడి వదిలేస్తారు. బురదలోని నీరు పిండినట్టు బయటికి పోయి, కుంగాల్సిందాంట్లో చాలావరకు ఇల్లు కట్టకముందే కుంగిపోతుంది. ఆ గుట్టలు చూసి పనులు ఆగిపోయాయని పుకారు పుట్టిస్తారు గానీ అదే అసలు పని. సముద్రం సంగతికొస్తే, కట్టడాల చోట నేల ఎత్తు పెంచారు, ఒడ్డు నుంచి వెనక్కి జరిగి కడుతున్నారు. ముందుముందు గట్టు ఇంకా పెంచుకోవడానికి చోటు వదిలారు. డౌన్‌టౌన్‌లో పాత పోసిన నేల మీద ఉన్న ఎన్నో బిల్డింగులకు ఇంత జాగ్రత్త లేదు.

అద్దెకొంప:
నేను కట్టాలనే పక్షం. ఈ నగరంలో ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ 8,000లో 27 శాతం తక్కువ ఆదాయం వాళ్లకు. మాజీ సైనికుల కోసం 105 ఫ్లాట్ల మేసియో మే అపార్ట్‌మెంట్స్ 2023లో తెరిచారు. 2022 నుంచి ఫెర్రీ నడుస్తోంది, పది నిమిషాల్లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒడ్డున ఫెర్రీ బిల్డింగ్ దగ్గర దిగొచ్చు. మట్టి బాగుచేసి కడుతున్నప్పుడు ఇంకా అభ్యంతరం ఏంటి? ప్రతిదానికీ వద్దంటే ఇళ్లు గాల్లో కట్టాలా బ్రదర్?

బేవంతెన:
ఇసుక సంగతి పక్కన పెడదాం. రేడియం మాటేంటి? చీకట్లో మెరిసే డయళ్లకూ, ఓడల డెక్ మీద పెట్టే గుర్తులకూ రేడియం పూసేవాళ్లు. అలాంటివి చెత్తతోపాటు అక్కడే పూడ్చారు, కాల్చారు. అణు ధూళిని కడగడం నేర్పడానికి నేల మీదే ఒక ఉత్తుత్తి ఓడ కట్టారు. దానికి పెట్టుకున్న పేరు యూఎస్ఎస్ పాండమోనియం, అంటే గందరగోళం! రేడియం-226 సగం తగ్గడానికే 1,600 ఏళ్లు. పైగా ఎక్కడెక్కడ ఏం వాడామో చెబుతూ 2006లో నేవీ ఒక నివేదిక రాసింది. అది చాలక 2014లో అనుబంధం రాయాల్సి వచ్చింది. పాడుచేసింది నేవీ, వెతికేది నేవీ, బాగుందని సంతకం పెట్టేదీ నేవీయే. దొంగ చేతికి తాళాలిచ్చి లోపల అన్నీ ఉన్నాయా అని అడిగినట్టుంది.

పాతకాపు:
ఆ దీవి మీద ఆహార పంపిణీలో సాయానికి వెళ్తుంటాను. మీరంతా కొత్త టవర్ల గురించే కొట్టుకుంటున్నారు. ఆ స్థలాలు పరీక్షలయ్యాకే నగరానికి బదిలీ అయ్యాయి. అసలు తలనొప్పి వాయవ్య మూలన ఉంది. చెత్త పూడ్చిన చోటే నేవీ తన కుటుంబాలకు ఇళ్లు కట్టింది. నేవీ పోయాక నగరం వాటినే అద్దెకిచ్చింది. నిలువ నీడ లేనివాళ్లు, వ్యసనాల నుంచి బయటపడుతున్నవాళ్లు, ఊళ్లో అద్దె కట్టలేనివాళ్లు వచ్చి చేరారు. ఒక వరసలో కిటికీలకు పూలకుండీలు, పిల్లల సైకిళ్లు. పక్క వరస చుట్టూ కంచె, దాని మీద రేడియేషన్ హెచ్చరిక బోర్డు. మధ్యలో ఉన్నది గడ్డి మాత్రమే. కరెంటు తీగలు నేవీ కాలంనాటివి, పోయిందంటే గంటలే. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయని తిట్టుకునే అమ్మల దగ్గర ఇసుక, సముద్రం అని మాట్లాడితే నవ్వుతారు.

కట్టడం ఆపేస్తే వీళ్లకేం ఒరుగుతుంది? 2011లో నగరం బిల్డర్లతో చేసుకున్న ఒప్పందం నాటికి ఉన్నవాళ్లకు కొత్త ఇళ్లలోకి మారే హామీ ఉంది. కడితేనే కదా మారేది! నా ఫిర్యాదు కట్టినందుకు కాదు, వరస తిరగేసినందుకు. సముద్రం కనపడే ఖరీదైన ఫ్లాట్లు ముందు లేచాయి. కంచె పక్కన ఉన్నవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

మట్టిపరీక్ష:
పాతకాపు గారు చెప్పింది నిజం. కానీ ఆ వరస వెనక డబ్బు లెక్క ఉంది. ఖరీదైన ఫ్లాట్లు అమ్మిన డబ్బుతోనే రోడ్లు, పైపులు, పేదల ఇళ్లు అని ఒప్పందం. మార్కెట్ పడిపోయేసరికి మొత్తం నత్తనడక. చివరికి 2024లో నగరమే అప్పు తెచ్చి పనులకు ఊతమిచ్చేలా ఒప్పందం మార్చుకుంది.

బేవంతెన:
అంటే పేదవాడి ఇల్లు డబ్బున్నవాడి బాల్కనీ అమ్ముడుపోవడం మీద ఆధారపడింది! నేను వద్దన్నది ఇందుకే. ఆ స్థావరానికి మనుషుల్ని వాడుకుని వదిలేయడం కొత్త కాదు. 1944లో ఇక్కడికి దగ్గర్లోని పోర్ట్ షికాగో నేవీ రేవులో ఓడల్లోకి ఎక్కిస్తున్న మందుగుండు పేలి 320 మంది చనిపోయారు. మళ్లీ అదే పనికి రమ్మంటే భయపడి ఒప్పుకోని 50 మంది నల్లజాతి నావికుల మీద తిరుగుబాటు కేసు విచారించింది ఈ స్థావరంలోనే. వాళ్లు నిర్దోషులని నేవీ ఒప్పుకోవడానికి 2024 దాకా పట్టింది. మట్టి విషయంలో మాత్రం అదే నేవీ మాట వెంటనే నమ్మేయాలా? కడితే కట్టండి, కానీ నేవీ జీతం తీసుకోనివాళ్లు ఆ మట్టిని మళ్లీ కొలిచాకే. ముందు ఖాళీ చేయించాల్సింది కంచె పక్క వరసనే.

పాతకాపు:
ఖాళీ చేయించి ఎక్కడ పెడతారో కూడా అదే వాక్యంలో రాయండి బాబూ. ఖాళీ చేయించడం అనే మాట వింటేనే వాళ్లకు టెన్షన్. 2011 తర్వాత వచ్చినవాళ్లకు మొదట్లో ఆ హామీ కూడా ఇవ్వలేదు.

అద్దెకొంప:
నేను ఇంకా కట్టాలనే అంటాను. శనివారం ఒక ఫ్లాట్ చూడ్డానికి వెళ్తున్నా. ఫ్లాట్ చూపించేవాళ్లను అడగాల్సినవి రాసుకున్నా: ఆ స్థలం నేవీ నుంచి ఏ సంవత్సరంలో బదిలీ అయింది, ఆ కాగితం చూపిస్తారా, కింద ఎంత లోతు దాకా నేల కుదించారు, రాత్రి ఆఖరి ఫెర్రీ ఎన్నింటికి, దీవికి వచ్చే కార్లకు పెడతామంటున్న టోల్ మాకూ పడుతుందా. ఇంకేమైనా ఉంటే శుక్రవారం లోపు చెప్పండి.