కాంబోను ‘జమిలి’ అందామా?

తిరుపతిలో మా అక్క కొడుకు మొన్న నన్ను మిద్దె మీద కూర్చోబెట్టి మ్యాజిక్ ద గ్యాదరింగ్ నేర్పించాడు. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారు చేసిన ఆట. మనిషికి కనీసం 60 ముక్కల కట్ట, 20 ప్రాణాలు. లెక్కకు చెరో 20 చింతగింజలు పెట్టుకున్నాం.

తొలి వంతులోనే నా ఆట ముగించేశాడు. మౌంటెన్ అనే నేల ముక్క పరిచాడు. దాని మీద బ్లాక్ లోటస్, జిరాక్స్ ముక్కే, అసలుది లక్షల్లో ఉంటుంది. లోటస్‌ను వదులుకుంటే 3 మానా, అంటే ముక్కలు వేయడానికి కట్టే ఖర్చు, వస్తుంది. అందులో 2 పెట్టి ఛానెల్ వేశాడు. ఛానెల్ పడ్డాక వదులుకున్న ప్రాణానికో మానా. 19 గింజలు అరచేత్తో పక్కకు తోసేశాడు. వాడి ముందు ఒక్క గింజ మిగిలింది. ఆ 19కి లోటస్‌లో మిగిలిన 1 చేర్చి, మౌంటెన్ ఇచ్చే ఎర్ర మానాతో ఫైర్‌బాల్ విసిరాడు. ఆ ఎర్రది పోను ఎంత మానా పోస్తే అంత దెబ్బ. నా 20 గింజలూ పోయాయి.

“ఛానెల్ లేకుంటే ఆ ఫైర్‌బాల్‌కు 3 ప్రాణాలే పోయేవి. ఫైర్‌బాల్ లేకుంటే ఛానెల్‌తో నా ప్రాణం నేనే తీసుకున్నట్టు. దీన్ని కాంబో అంటారు. తెలుగులో ఏమంటారు మామా?” అన్నాడు.

కలయిక అంటే చప్పగా ఉంది. జోడీ అందామంటే, కాడి విప్పినా ఎద్దు ఎద్దే, దాని పని అది చేస్తుంది. నాకు జమిలి తోచింది. సంస్కృతంలో యమళం. యాత్ర జాతర అయినట్టు, యజ్ఞం జన్నం అయినట్టు ‘య’ ‘జ’ అయింది. మన గంగమ్మ జాతరలో ఉన్నది ఆ ‘జ’నే. రెండు పోగులు కలిపితే జమిలి పోగు. ఇంత చక్కటి మాటను ఎన్నికల వార్తలకే వదిలేశామని నా బాధ. జమిలి ఎత్తు, జమిలి కట్ట అంటే ఎలా ఉంటుంది?

చిత్తూరు నుంచి ఒక అక్క:
యమళం అంటే కవలలు కదా తమ్ముడూ. రోటితో కృష్ణుడు కూల్చిన యమళార్జునాలు రెండూ మద్దిచెట్లే. నీ ఛానెల్, ఫైర్‌బాల్ ఒక జాతివి కావే?

నా జవాబు:
పుట్టుకను బట్టి మీరన్నది నిజం అక్కా. కానీ వాడుక అక్కడే ఆగలేదు. లోక్‌సభ ఓటు వేరు, అసెంబ్లీ ఓటు వేరు. రెండూ ఒకేసారి పెడితే జమిలి ఎన్నికలు అంటున్నాం. వేరు వేరువి ఒక్క దెబ్బకు జరగడం అనే అర్థం జనం నోట్లో ఇప్పటికే కుదిరింది.

మరో సభ్యుడు:
బాగుంది అన్నా. రెండిట్లో ఒకటే చేతికొస్తే? రమ్మీలో మాకూ ఆ టెన్షన్ ఉంటుంది.

నా జవాబు:
జమిలి పోగుకు ఎదురు ఒంటి పోగు. మౌంటెన్ లాంటి మామూలు నేల ముక్కలు తప్ప ఏ ముక్కయినా కట్టలో 4కి మించకూడదు, లోటస్ అయితే తర్వాత కట్టకు ఒక్కటే అన్నారు. అందుకే ఒంటిగా రావడమే ఎక్కువ. ఈ ‘ఒంటి’ మాట మా మేనల్లుడికి చెప్పాను. నిన్న 7 ముక్కలు తీసి చూసుకుని, “ఛానెల్ ఒంటిగా వచ్చింది మామా” అన్నాడు.