కొత్తవాడ నూలుతో క్రోషే బ్యాగు అల్లొచ్చా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. క్రోషే డిజైన్లు సొంతంగా చేస్తుంటాను. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయన దగ్గర మిగిలిన నూలు చిలపలు (నూలు పోగుల చుట్టలు) దొరికాయి. ముదురు ఎరుపు, నీలం, ఎంత బాగున్నాయో! 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన మన జంపఖానాల నూలుతోనే భుజానికి వేసుకునే బ్యాగు అల్లాలని నా ఆశ. అక్క కూతురి పెళ్లికి ఇవ్వాలి, అందుకే కొంచెం టెన్షన్.

నాలుగు పోగులు కలిపి 4 ఎంఎం సూదితో చిన్న ముక్క అల్లి చూశాను. గట్టిగానే వచ్చింది. కానీ పోగులు విడిపోయి సూది వాటి మధ్యలో గుచ్చుకుంటోంది. తడిపితే ఎరుపు రంగు పక్కనున్న తెల్ల వరసకు అంటింది. అల్లే ముందు పోగులన్నిటికీ కలిపి పురి ఎలా పెట్టాలి? రాట్నం కావాల్సిందేనా? చిలపలుగా ఉన్నప్పుడే ఉతికితే రంగు దిగడం ఆగుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.