సమస్య: గాధజలమునందు గజము మునిఁగె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా, పై మూడూ మీరు పూరించాలి. అగాధం అందరి నోటా ఉంది, అందులోంచి 'అ' తీస్తే మిగిలే గాధం మాత్రం మరుగున పడింది. గాధమంటే లోతు లేని నీరు. సంస్కృత క్రియల మూలరూపాల (ధాతువుల) పట్టిక ధాతుపాఠంలో నాలుగో ధాతువు 'గాధృ'. నిలవడం, కోరడం, కూర్చడం దాని అర్థాలు. నిలవడంలోంచే ఈ మాట పుట్టింది. చెరువులో దిగిన పిల్లల్ని మా దిక్కు గట్టుమీంచి "కాలు అందుతాందా?" అని అడుగుతారే, ఆ అందే నీరే గాధం. ఋగ్వేదం ఏడో మండలంలో ఇంద్రుడు సుదాసుడనే రాజు కోసం పొంగే నీళ్ళను గాధాలు చేశాడు.

జనగామ సభ్యుడు:
మకరి కాలు పట్టి మడుగులో దిగలాగ
నిలువ నేల లేక నీటఁ జిక్కి
కరులు గట్టుమీదఁ గన్నీరు గార్ప న
గాధజలమునందు గజము మునిఁగె

నిర్వాహకుడు: పై పాదం చివర అకారం దాచి అగాధం చేశారు. "నిలువ నేల లేక" నాకెంతో నచ్చింది, ధాతువు అర్థం పద్యంలోకి నడిచొచ్చింది. కానీ మకరి (మొసలి) అనగానే గజేంద్రుడే గుర్తొస్తాడు. బమ్మెర పోతన్నను చదివినవాళ్ళకు ఆ ఏనుగు మునగదు, హరి కాపాడతాడు. మొదటి పాదం "వాగు పొంగి వచ్చి వడిగ లోపలి కీడ్వ" అంటే చిక్కు తీరుతుంది.

పరకాల సభ్యుడు: నేను గాథ అనుకొని, కథలో ఏనుగు మునిగిందని రాశానండీ.

నిర్వాహకుడు: గాథ 'గై' ధాతువుది, పాడేది. థకారం, ధకారం కలపొద్దు.

ములుగు సభ్యురాలు:
రామలింగ గుడిని రాతిపైఁ జెక్కిన
వరుసలోన నొకటి వాన వెలియ
నిలిచినట్టి నీట నీడయై కనుపట్ట
గాధజలమునందు గజము మునిఁగె

నిర్వాహకుడు: 1213 నాటి రామప్ప గుడి చుట్టూ సాగే ఏనుగుల వరుస కళ్ళకు కట్టింది. ప్రదక్షిణ చేసే అరుగుమీద అంగుళం నీళ్ళు, అందులో తలకిందులుగా తొండం! దిద్దడానికేం లేదమ్మా.

నర్సంపేట సభ్యుడు:
చెరువు లోతుఁ జూడఁ జేతికర్రను దింప
మూర కాదు రెండు మూర లనఁగఁ
దడిసె నంతవఱకు దాని కొలత యదే
గాధజలమునందు గజము మునిఁగె

నిర్వాహకుడు: గజాన్ని కొలతగా పట్టుకున్నారు, భేష్! ఇది పారసీ 'గజ్' నుంచి వచ్చిన మాట, ఏనుగుతో చుట్టరికం లేదు. రెండు మూరలంటే 3 అడుగులు, లెక్కా కుదిరింది. "దాని కొలత యదే" మాత్రం గణాల కోసం నింపినట్టుంది, నడక కుంటింది.

నర్సంపేట సభ్యుడు: నిజమే సార్. మూడో పాదం ఇట్ల మారుస్తున్నా:
దడిసె నంతవఱకుఁ దడి చూచి గుర్తింప