చర్చ: "అమ్మమ్మ" అనే మాట దగ్గర పాత్ర నోరు ఎందుకు తప్పుతోంది?

బొమ్మలపెట్టె (మాదాపూర్)
పిల్లల కథ కోసం బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక అమ్మమ్మ పాత్ర చేస్తున్నాను. నిమిషంన్నర సంభాషణ, సెకనుకు 24 ఫ్రేములు. లిప్ సింక్ కోసం, అంటే మాటకు తగ్గట్టు పెదవులు కదిలించడానికి, గొంతు రికార్డు చేసి రూబార్బ్ అనే ఉచిత సాధనానికి ఇచ్చాను. అది ఆరు ప్రాథమిక నోటి ఆకారాలతో, కావాలంటే మరో మూడింటితో, ఏ క్షణంలో ఏ ఆకారం రావాలో గుర్తులు (కీలు) పెడుతుంది. ఇంగ్లిషు కాని భాషలకు పనికొచ్చే, ధ్వనులను బట్టి నడిచే ఫొనెటిక్ పద్ధతే ఎంచుకున్నాను. అయినా "అమ్మమ్మ చెప్పిన మాట వింటావా అబ్బాయీ" అనే వాక్యంలో నోరు నీళ్లలో చేప నోరులా ఆడుతోంది. ఎక్కడ సరిదిద్దాలి?

సగంఫ్రేము (గచ్చిబౌలి)
గేమ్ పాత్రల ముఖాలు చేయడం నా పని. ముందు గడ్డం కింద అరచేయి ఆనించి అదే వాక్యం మామూలు వేగంతో పలకండి. దవడ అక్షరానికొకసారి దిగదు. పెదవులు చురుకైనవి, దవడ బరువైనది. రెండింటినీ ఒకే ఆకారంలో బిగిస్తే చేప నోరే వస్తుంది. 2016లో సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో టొరంటో విశ్వవిద్యాలయం వారు చూపిన "జాలి" (JALI) అనే పద్ధతి దవడకు, పెదవులకు వేరు వేరు కొలతలు ఇచ్చింది. సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్ పాత్రలకు వాడినది అదే.

ఇక ద్విత్వం. ఒంటి "మ"కు రెండు ఫ్రేముల మూత చాలు. "మ్మ"కు నాలుగైదు ఫ్రేములు పెదవులు కలిసే ఉండాలి. నేను చూసిన తెలుగు లిప్ సింక్‌లో ఎక్కువ తప్పులు ఇక్కడే.

కృష్ణానగర్ గొంతు
ఇరవై ఏళ్లుగా డబ్బింగ్ చెబుతున్నాను. మేము మొదట నేర్చుకునేది ఇదే: తెర మీద పెదవులు కలిసిన చోట మన మాటలో ప, బ, మలలో ఒకటి పడాలి. హిందీలో "కభీ" అంటే, తెలుగులో "ఎప్పుడూ" చక్కగా కూర్చుంటుంది. అచ్చులు కాస్త అటూ ఇటూ అయినా ప్రేక్షకులు సర్దుకుంటారు, పెదవి మూత తప్పితే మాత్రం వెంటనే పట్టేస్తారు. మీ వాక్యంలో మ్మ, మ్మ, ప్పి, మా, బ్బా: ఐదు మూతలు. అవి ముందు పెట్టి, తరువాత మిగతావి నింపండి. ఇంకొకటి, "అబ్బాయీ" తరువాత నోరు టక్కున మూయకండి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఆ అచ్చు పెదవుల మీద కాసేపు నిలుస్తుంది.

తెలుగు మాస్టారు (సికింద్రాబాద్)
మన వర్ణమాలలో క, చ, ట, త, ప వర్గాలు గొంతు నుంచి పెదవుల దాకా వరుసగా వస్తాయి. పెదవులు కలిసేది ఆఖరి వర్గానికే. మిగతా హల్లుల్లో చాలావాటికి పెదవుల మీద సొంత ఆకారం లేదు, పక్కనున్న అచ్చు ఆకారమే వాటిదీ. అద్దం ముందు "కూర", "కీర" అనండి. "క" వినపడకముందే పెదవులు ఒకచోట గుండ్రమవుతాయి, మరోచోట సాగుతాయి. కాబట్టి అచ్చు ఆకారం ధ్వని కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందే మొదలుకావాలి.

1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు "బ" ధ్వనికి "గ" పలికే ముఖాన్ని జోడిస్తే చాలామందికి "డ" వినిపించింది. అంటే పెదవులు తప్పితే చెవి కూడా తప్పుతుంది.

కొత్తచిగురు
ఐఫోన్‌తో ముఖకవళికలు నేరుగా పట్టేస్తే సరిపోదా?

సగంఫ్రేము
మొదటి చిత్తుకు మంచిదే. కానీ ఐఫోన్‌లో ముఖాన్ని పట్టే ఆపిల్ సాధనం ఏఆర్‌కిట్ ఇచ్చే 52 కవళికల్లో నాలుకకు ఉన్నది ఒక్కటే, బయటకు చాపడం. ట, ణ, ళ కోసం నాలుక మడవాలంటే చేత్తో చేయాల్సిందే.

బొమ్మలపెట్టె
రాత్రంతా కూర్చుని ఐదు మూతలూ పెట్టాను, దవడను విడదీశాను. మనిషి మాట్లాడుతున్నట్టే ఉంది, అందరికీ కృతజ్ఞతలు. "వింటావా" దగ్గర మాత్రం ఆగిపోయాను. "వ"కు కింది పెదవి పైపళ్ల దగ్గరకు వెళ్లాలి కదా, మా అమ్మమ్మ పాత్రకు ముందు పళ్లు లేవు.

కృష్ణానగర్ గొంతు
మా అమ్మమ్మకూ ఉండేవి కావు. ఆమె "వ" అనేటప్పుడు రెండు పెదవులూ దగ్గరకు వచ్చి, కలవకుండా సున్నా చుట్టినట్టు ఆగేవి. బుగ్గలు కూడా కొద్దిగా లోపలికి పోయేవి. అలా చేసి చూడండి.