రాతి వాలులో కంపోస్టు బిన్: నేలకు ఆనించాలా, ఎత్తులో పెట్టాలా?

వాలుదొడ్డి: మా పెరడు వాలుగా ఉంటుంది. పైన జిగురు బంకమట్టి, జానెడు తవ్వితే రాయి. వానొస్తే నీళ్లన్నీ బిన్ పెట్టాలనుకున్న మూలకే వస్తాయి. కొన్నది అడుగు లేని 300 లీటర్ల ప్లాస్టిక్ బిన్. నేల తగలకపోతే ఎర్రలు (వానపాములు) రావంటారు కొందరు, ఇటుకల మీదికెత్తి కింద ట్రే పెట్టమంటారు ఇంకొందరు. ఎవరి మాట వినాలి?

ఎర్రపార: నేల మీదే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. చెత్తలోంచి కారే ఊటనీరు ఇంకిపోతుంది, ఎర్రలూ పురుగులూ వాటంతట అవే పైకొస్తాయి. ట్రే పెడితే రోజూ పారబోసేదెవరు? నాలుగు రోజులు మరిచిపోతే కుళ్లిన గుడ్డు కంపు.

తేమలెక్క: ఇంకిపోతుందన్నారు, ఎక్కడికండీ? బంకమట్టి, దాని కింద రాయి! అక్కడ గొయ్యి తీసి బిన్ దించితే నీళ్లతొట్టి తయారవుతుంది. గాలాడక వచ్చేదే మీరన్న ఆ కంపు. వాలుదొడ్డి గారూ, ముందు ఆ చోట జానెడు గుంట తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, ఎంతసేపట్లో తగ్గుతాయో చూడండి.

ఇక ఎర్రలు. మట్టిలో లోతుగా బొరియలు చేసేవి వేరు, ఎరువు కుప్పలో పనిచేసేవి వేరు. ఈ రెండో రకం పేడలో, కుళ్లిన ఆకుల కింద ఉంటాయి. రాతి కిందనుంచి మాత్రం రావు. బాగా ఎర్రలున్న పాత కుప్పలోంచి రెండు దోసిళ్లు తెచ్చి వేస్తే వాటి గుడ్లు కూడా వచ్చేస్తాయి. సూక్ష్మజీవులకైతే ఆ శ్రమ కూడా అక్కర్లేదు, కూరగాయల తొక్కల మీదే ఉంటాయి.

ఎర్రపార: ఎర్రల సంగతి అలా ఉంచండి. అంత బిన్ తడి చెత్తతో నిండితే 150 కిలోలు దాటొచ్చు. తడిసిన బంకమట్టి వాలు మీద ఇటుకలు జారవా? ట్రే మాట దేవుడెరుగు, బిన్నే బోర్లా పడుతుంది.

మెట్టపొలం: ఇద్దరూ నీళ్లు కిందికెలా పోవాలనే చూస్తున్నారు. పైనుంచి వచ్చేవాటిని ఆపొద్దూ? బిన్ పెట్టే చోటికి పైవైపు బెత్తెడు లోతు కాలువను నెలవంకలా తవ్వితే వాననీళ్లు పక్కలకు మళ్లుతాయి.

తర్వాత చదును. వాలును పైవైపు కోసి చదును చేయాలి. చాలామంది ఆ తవ్విన మట్టినే కిందివైపు పోసి దాని మీద బిన్ పెడతారు. అది కుంగుతుంది, బిన్ ఒరిగి మూత పట్టదు. రాయి తగిలిందా, అక్కడితో ఆపేయండి. బెత్తెడు మందం కంకర పరిచి, ఎలుకలు దూరకుండా 6 మిల్లీమీటర్ల కన్నాల ఇనుప జాలీ వేసి, దాని మీద బిన్ నిలపండి. మొదటి పొరగా ఎండు పుల్లలు. కంకర కిందివైపు అంచు తెరిచే ఉండాలి, లేకపోతే తేమలెక్క గారి తొట్టి మళ్లీ తయారు. వాలు దిగువన బావి ఉంటే మాత్రం ఇది వద్దు, ట్రేయే మేలు.

ఎర్రపార: కంకరలో మట్టి కూరుకుపోతే?

మెట్టపొలం: ఎరువు తీసేటప్పుడు ఎలాగూ బిన్ ఎత్తుతారుగా. అప్పుడే పారతో ఒకసారి కదిపితే సరి.

తేమలెక్క: అసలు ఊట ధారగా కారుతోందంటే లోపల ఎండు సరుకు తక్కువైనట్టే. ఒక వంతు తొక్కలకు రెండు వంతులు ఎండుటాకులో చింపిన అట్టముక్కలో వేయండి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. ఆ తేమ దగ్గర ట్రేకైనా కంకరకైనా పెద్దగా పనుండదు.

వాలుదొడ్డి: గుంట నింపి చూశాను, పొద్దున పోసినవి సాయంత్రానికీ అలాగే ఉన్నాయి. దిగువన బావి లేదు కాబట్టి కంకరే వేస్తాను. కాకపోతే కాలువ ఒక కొస పక్కింటి ప్రహరీ దగ్గర తేలుతోంది.

మెట్టపొలం: గోడదాకా పోనివ్వకండి. రెండడుగుల ముందే ఆపి, కొసను వెడల్పు చేసి గడ్డి పెంచండి. గోడ వైపు వాలు ఎక్కువైతే మొత్తం నీళ్లు రెండో కొసకే మళ్లించండి.