రాబిన్ కుక్ ‘బెల్‌వ్యూ’: మెడికల్ థ్రిల్లర్‌లో ఆత్మలేంటండీ?

పుస్తకాల_వేణు

స్పాయిలర్లున్నాయి. కుక్ పాత నవల ‘కోమా’ చదవనివాళ్ళు కూడా ఇక్కడే ఆగిపోండి.

మెడికల్ థ్రిల్లర్లు రాసే అమెరికన్ రచయిత రాబిన్ కుక్ నుంచి 2024లో వచ్చిన ‘బెల్‌వ్యూ’ చదివినవాళ్ళెవరైనా ఉన్నారా? మిట్ ఫుల్లర్ అని ఫస్టియర్ సర్జరీ రెసిడెంటు, అంటే ఇంకా శిక్షణలో ఉన్న డాక్టరు. నాలుగు తరాలుగా వాళ్ళింట్లో పెద్ద డాక్టర్లే, అందరూ పనిచేసింది న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలోనే. ఇతను చేరీ చేరగానే పేషెంట్లు ఒకరి తర్వాత ఒకరు పోవడం మొదలవుతుంది, కారణం అంతు చిక్కదు. ఇంతవరకూ మనకి అలవాటైన రాబిన్ కుక్కే, చొక్కా చేతులు మడిచి కూర్చుంటాం. సెలైన్‌లో ఏదైనా కలిసిందా, పరికరంలో లోపమా, ఎవరైనా గుట్టుగా మందు ట్రయల్ నడుపుతున్నారా అని మనం లెక్కలేసుకుంటుంటే, కథ ఆరో ఇంద్రియం మీదకీ పూర్వీకుల పాపాల మీదకీ వెళ్ళిపోయింది. దెయ్యాల కథే కావాలంటే మనకి తెలుగులో కొదవా?

మెడికల్ లైన్లో ఉన్నవాళ్ళని అడుగుతున్నా. పాతవి నిజంగానే అంత పకడ్బందీగా ఉండేవా, లేక అప్పట్లో మనకి తెలీక నోరు తెరుచుకుని చదివామా?

మత్తుమందు_మాస్టారు

వేణుగారూ, పకడ్బందీగానే ఉండేవి. ‘కోమా’ (1977) ముడి ఒక్కటి విప్పి చూడండి, తేడా తెలిసిపోతుంది.

చిన్న ఆపరేషన్లకి వచ్చినవాళ్ళు ఎనిమిదో నంబర్ థియేటర్లోంచి మెదడు పోయి బయటికొస్తుంటారు. ఆ గదికి వెళ్ళే ఆక్సిజన్ లైన్లో కార్బన్ మోనాక్సైడ్ కలుపుతున్నారన్నది రహస్యం. ఇది చదివే మనిషి సరిచూసుకోగల రహస్యం. ఆ గ్యాసుకి రంగూ వాసనా లేవు. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ అందకపోతే మామూలుగా రక్తం నల్లబడుతుంది, సర్జనే ముందు కనిపెట్టి “ఏమయ్యా, రక్తం నల్లగా వస్తోంది” అని మత్తు డాక్టర్ని కేకేస్తాడు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం మాత్రం ఇంకా ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంటుంది. కేక వేసేవాడే ఉండడు.

1977లో పల్స్ ఆక్సీమీటర్ థియేటర్లలో వాడుకలో లేదు. అసలు తమాషా ఏంటంటే, ఇవాళ వేలికి క్లిప్పు పెట్టినా ఆ ముడి వీడదు. అది 660, 940 నానోమీటర్ల దగ్గర రెండు కాంతులు మాత్రమే పంపుతుంది. 660 దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్ పట్టినదానిలాగే కనిపిస్తుంది కాబట్టి, మనిషి చచ్చిపోతున్నా తెర మీద 98 చూపిస్తుంది. ధమని రక్తం తీసి బ్లడ్ గ్యాస్ చేసినా ఆక్సిజన్ ప్రెషర్ బ్రహ్మాండంగా వస్తుంది, ఎందుకంటే అది కొలిచేది రక్తంలో కరిగిన ఆక్సిజన్‌ని. ఆ మెషీన్లో కో-ఆక్సీమీటర్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ శాతాన్ని విడిగా కొలిచేది) ఉంటేనే దొంగ దొరుకుతాడు. పొగ తాగనివాళ్ళలో ఆ అంకె 1–2 శాతం దాటదు, బాగా సిగరెట్లు కాల్చేవాళ్ళలో 10 దాకా ఉండొచ్చు. అంతకన్నా పైన కనిపిస్తే గ్యాసు ఎక్కడినుంచి వచ్చిందో వెతకాల్సిందే.

ఏ కుట్రా లేకుండా మత్తు మెషీన్లోనే ఈ గ్యాసు పుట్టగలదు. పేషెంటు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చడానికి మెషీన్లో సోడా లైమ్ గుళికలు పోస్తాం. వాటిలో సుమారు 15 శాతం నీరుండాలి. శుక్రవారం సాయంత్రం ఎవరో ఆక్సిజన్ కట్టకుండా ఇంటికెళ్ళిపోతే, రెండు రోజులు గాలి ఆడి గుళికలు ఎండిపోతాయి. సోమవారం పొద్దున్నే మొదటి కేసుకి డెస్‌ఫ్లూరేన్ అనే పీల్చే మత్తుమందు పెట్టారంటే, అది ఎండిన గుళికలతో కలిసి కార్బన్ మోనాక్సైడ్ తయారుచేస్తుంది. ఐసోఫ్లూరేన్ అనే ఇంకో మత్తుమందుతోనూ వస్తుంది గానీ తక్కువ. గుళికలు ఊదారంగుకి తిరిగితే మార్చాలని అందరికీ తెలుసు. కానీ ఆ రంగు చెప్పేది పీల్చే శక్తి అయిపోయిందని, ఎండిపోయాయని కాదు. తెల్లగా ఉన్నాయి కదా అని వదిలేస్తే అక్కడే దెబ్బ. గ్యాసు ఎంతసేపు తెరిచి ఉందో తెలియనప్పుడు రంగు చూడకుండా గుళికలు పారబోసి కొత్తవి పోయాలి. ఈ గొడవ ఎక్కువగా ఉన్న బారలైమ్ అనే రకాన్ని 2004లో మార్కెట్ నుంచి తీసేశారు. తీవ్రమైన క్షారం లేని కొత్త రకాలతో ఈ భయం దాదాపు లేదు.

ఒక నవలకి ఇంత సరుకు చాలదూ? ఆత్మలెందుకు?

‘కోమా’లోనూ తప్పులు లేకపోలేదు. కోమాలోకి పోయిన రోగుల్ని తీగలతో గాల్లో వేలాడదీయడం చూడ్డానికి భలే ఉంటుంది. ఒంటికి పుండ్లు పడకపోవచ్చు గానీ, ఎముకకి తీగ గుచ్చినచోటల్లా చీము పడుతుంది, కీళ్ళు బిగుసుకుంటాయి. ఊపిరితిత్తుల్లో కఫం ఎవరు తీస్తారు?

కామా_ఫుల్‌స్టాప్

నాకు దెయ్యంతో పేచీ లేదు, సంభాషణలతోనే. ఇద్దరు సర్జన్లు మాట్లాడుకుంటూ “అపెండిసైటిస్ అంటే అపెండిక్స్ వాపు కదా, ముదిరితే పగులుతుంది కదా” అనుకుంటారా? ఈయన తర్వాతి నవలల్లో పేజీలకి పేజీలు ఇదే వరస. ఒకరికి తెలిసినదాన్ని, అదే తెలిసిన ఇంకొకరికి, మన కోసం అప్పజెప్పడం.

‘కోమా’లో ఇది ఎందుకు కనబడలేదంటే, కథానాయిక సూజన్ వీలర్ మూడో ఏడు మెడికల్ స్టూడెంట్. ఆమెకి తెలీదు, అడుగుతుంది. పైవాడు విసుక్కుంటూ చెప్తాడు, మనం పక్కన నిలబడి వింటాం. మన కొమ్మూరి వేణుగోపాలరావుగారి ‘హౌస్ సర్జన్’లో కూడా కుర్ర డాక్టర్ని ముందు పెట్టడం ఆసుపత్రిని అతని కళ్ళతో చూపించడానికే. కుక్ రాసిన లారీ మాంట్‌గోమరీ, జాక్ స్టేపుల్టన్ సీరీస్‌లో వాళ్ళిద్దరూ ఆరితేరిన మెడికల్ ఎగ్జామినర్లు, అంటే అనుమానాస్పద మరణాలకి కారణం తేల్చే డాక్టర్లు. వాళ్ళకి ఎవరూ ఏదీ చెప్పక్కర్లేదు, అందుకే ఆ సీరీస్ సాగేకొద్దీ వివరణ అతికించినట్టు ఉంటుంది. ‘బెల్‌వ్యూ’లో మళ్ళీ ఫస్టియర్ రెసిడెంటుని తెచ్చాడు కాబట్టి ఆ చిక్కు తీరాలి. చేతికొచ్చిన ఆ అవకాశాన్ని జారవిడిచాడు, నా బాధ అదీ.

పంచనామా

పైన ఇద్దరూ చెప్పనిది ఒకటుంది. ఆ ఆసుపత్రి అసలు చరిత్ర ముందు ఏ దెయ్యమూ చాలదు. బెల్‌వ్యూ మూలాలు 1736 నాటివి. అమెరికాలో ఇంత పాత ప్రభుత్వాసుపత్రి ఇంకోటి లేదు. 1866లో మార్చురీ, 1869లో గుర్రబ్బండ్ల అంబులెన్సు. 1918లో న్యూయార్క్ నగరం అంతవరకూ మరణకారణాలు తేల్చిన కరోనర్లనే అధికారుల్ని పక్కనబెట్టి మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం పెట్టినప్పుడు, మొదటి అధిపతి ఛార్లెస్ నోరిస్, విషాలు తేల్చే కెమిస్టు అలెగ్జాండర్ గెట్లర్ పనిచేసింది బెల్‌వ్యూ ఆవరణలోనే. గెట్లర్ తేల్చిన విషాల్లో మాస్టారు చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంది. మనిషి మంటల్లో చనిపోయాడా, చనిపోయాక నిప్పంటించారా అన్నది రక్తంలో ఆ గ్యాసు చూసే చెప్పొచ్చు, శవం ఊపిరి పీల్చదు కదా. గుండెలోకి గొట్టం పంపి కొలతలు తీసినందుకు 1956లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో కూర్నాండ్, రిచర్డ్స్ ఇక్కడివాళ్ళే.

పద్ధతి ప్రకారం చూసినా కథ నిలబడదు. న్యూయార్క్‌లో ఆపరేషన్ వికటించో, అనుకోకుండానో మనిషి పోతే రెసిడెంటు సంతకం పెట్టి పంపించేయడం కుదరదు. మెడికల్ ఎగ్జామినర్‌కి కబురు చెప్పాలి, శవపరీక్ష కావాలో వద్దో వాళ్ళు తేలుస్తారు. మన దగ్గర ఆ పని పోలీసులది. ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) రాయడం, ఇన్‌క్వెస్టు (మరణంపై పోలీసు విచారణ), పంచనామా, తర్వాతే పోస్టుమార్టం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) సెక్షన్ 174, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 194. ఒకే వార్డులో వరసగా పోతే ఇంకో చిట్టా విప్పుతారు. బాటిల్, సెట్టు, సిరంజి పారేయకుండా సీలు వేయడం, మందుల బ్యాచ్ నంబర్లు, ఏ షిఫ్టులో ఎవరున్నారన్నది, ఇన్‌ఫ్యూజన్ పంప్ (మందుని కొలిచి ఎక్కించే యంత్రం) లాగ్. ఆ లాగ్‌లో డోసు ఎన్నింటికి మార్చారో నిమిషాలతో సహా ఉంటుంది. చేరిన రోజు తీసిన రక్తం ల్యాబ్ ఫ్రిజ్‌లో మిగిలుంటే దాన్నీ పట్టుకుంటారు, మందు ముందే ఒంట్లో ఉందా, తర్వాత ఎక్కించారా అన్నది దాంతోనే తేలుతుంది. ఈ రోజుల్లో థ్రిల్లర్ రాసేవాడు ఇవన్నీ దాటే ఎత్తు వెయ్యాలి. కష్టమే. ఆత్మకి మాత్రం పంప్ లాగ్ ఉండదు!

మిట్‌కి కనిపించేవాటికి నిద్రలేమి కారణమని తేల్చినా సరిపోయేది. రెసిడెంట్లకి వారానికి 80 గంటలే డ్యూటీ అన్న పరిమితి అమెరికాలో ముందుగా పెట్టింది న్యూయార్క్ రాష్ట్రమే. 1984లో ఒక అమ్మాయి ఆసుపత్రిలో చనిపోయిన గొడవతో 1989లో వచ్చింది, దేశమంతా అమలయింది 2003లో. రాత్రుళ్ళు వరసగా మేలుకుంటే లేనివి కనిపించడం వైద్యం ఒప్పుకునే సంగతే.

పుస్తకాల_వేణు

అందరికీ దండాలు. ఈ చేదు పోవాలంటే పాతవాటిలో ఏది తియ్యమంటారు? ‘కోమా’ మాత్రం కంఠతా వచ్చేసింది.

మత్తుమందు_మాస్టారు

‘టాక్సిన్’ (1998). హాంబర్గర్‌లో ఇ-కోలై ఓ157:హెచ్7 అనే బాక్టీరియా. మాంసం ముక్కగా ఉంటే బాక్టీరియా పైపైనే ఉంటుంది, పెనం మీద కాలిపోతుంది. కీమా కొడితే అది లోపలికి చేరుతుంది, అందుకే నడిమధ్య 71 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాలి. నీళ్ళ విరేచనాలు రక్త విరేచనాలుగా మారడం, ఆ తర్వాత కిడ్నీలు దెబ్బతినడం, అంతా పాఠంలో ఉన్న వరసలోనే ఉంటుంది. తండ్రి గుండె సర్జన్ అయ్యుండీ కూతుర్ని కాపాడుకోలేడు. రెండో సగంలో కబేళా ఛేజింగులు మాత్రం కాస్త అతి.

కామా_ఫుల్‌స్టాప్

లారీ, జాక్‌లని వరసలో చదవాలంటే ‘బ్లైండ్‌సైట్’ (1992)తో మొదలుపెట్టండి, అందులో లారీ ఒక్కతే. జాక్ ‘కంటేజన్’తో వస్తాడు. ఢిల్లీ ఆసుపత్రుల్లో నడిచే ‘ఫారిన్ బాడీ’ (2008) మన దేశం కదా అని ముందే తియ్యకండి, అప్పటికి వాళ్ళిద్దరి కథ చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది.